రోజుకో పుట: ఒక విశేషం, ఒక చిక్కుప్రశ్న, ఒక నవ్వు, ఒక సొంత మాట – తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళుగా రోజుకు ఒక పుట చొప్పున రాస్తున్నాను. అందులో తెలుసుకోదగ్గ విశేషం ఒకటి, బుర్రకు పని చెప్పే చిక్కుప్రశ్న ఒకటి, ఒక నవ్వు, నా మనసులో మెదిలిన ఒక మాట ఉంటాయి. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, తోటి ఉద్యోగులు చదువుతారు. వాళ్ళలో కొందరికి తామూ ఇలాంటిది మొదలుపెట్టాలనిపించి ఏవేవో అడుగుతుంటారు. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలు, వాటికి నాకు తోచిన జవాబులు ఇవి. మధ్యలో కొన్ని చిక్కుప్రశ్నలు వస్తాయి. వాటిలో కొన్నిటి జవాబులు అక్కడికక్కడే చెప్పలేదు. అవి అన్నిటికంటే చివర ఉన్నాయి.

నాలుగు రకాలూ ఎందుకు? విశేషాలు మాత్రమే రాస్తే చాలదా?

కొన్నాళ్ళు చాలుతుంది. ఆ తర్వాత వెగటు పుడుతుంది. రోజూ విశేషాలే వింటుంటే తెలివి పెరిగినట్టు అనిపిస్తుంది గాని, వినేవాడి బుర్రకు పనేమీ ఉండదు. చిక్కుప్రశ్నలే ఇస్తే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. జోకులే అయితే పదో రోజుకు నవ్వు అరువు తెచ్చుకోవాలి. సొంత ఆలోచనలే అయితే, ఎంత దగ్గరివాళ్ళయినా ఎంతకాలమని వింటారు? నాలుగూ పక్కపక్కన ఉంటే ఒకదాని అలసట ఇంకొకటి తీరుస్తుంది.

పైకి వేరువేరుగా కనిపించినా ఈ నాలుగింటికీ కీలకం ఒకటే. ఏదో ఒకటి కాసేపు దాచి ఉంచాలి. విశేషాన్ని ముందు ప్రశ్నగా అడిగి, జవాబు దాస్తాం. చిక్కుప్రశ్నకైతే ఆ దాపరికమే ప్రాణం. జోకులో చివరి మాట దాస్తాం. సొంత మాటలో మన తీర్పు దాచుకుని, కంటితో చూసింది మాత్రం చెబుతాం. ఏది ఎంతసేపు దాచాలో తెలియడమే ఈ పనిలో నేర్చుకోవలసిన విద్య. నేను ఇంకా నేర్చుకుంటున్నది కూడా అదే.

ఇలా కలగలిపి రాయడం కొత్త పద్ధతా?

చాలా పాతది. రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఔలస్ గెలియస్ ఏథెన్స్ ప్రాంతంలో గడిపిన శీతాకాలపు రాత్రుల్లో ఇలాంటి పనే మొదలుపెట్టాడు. చదివినవి, విన్నవి, మాటల పుట్టుకలు, న్యాయశాస్త్రపు చిక్కులు, వింత సంగతులు అన్నీ ఏ వరుసలో దొరికితే ఆ వరుసలో రాసిపెట్టుకున్నాడు. తన పిల్లలకు తీరిక వేళల్లో కాలక్షేపంగా ఉండాలన్నది ఆయన కోరిక. ఆ రాతలు 20 భాగాలయ్యాయి. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో జపాన్ రాజాస్థానంలో ఉన్న సేయ్ షోనాగొన్ అనే స్త్రీ తనకు నచ్చినవి, విసుగు పుట్టించేవి, గుండె దడ పెంచేవి అంటూ జాబితాలు రాసుకుంది. వెయ్యేళ్ళు దాటినా వాటిని జనం ఇష్టంగా చదువుతున్నారు. కాబట్టి ఇదేదో చిల్లర వ్యాపకమని ఎవరైనా అంటే బాధపడకండి.

మంచి విశేషం అంటే ఎలా ఉండాలి?

వినగానే పక్కవాళ్ళకు చెప్పాలనిపించాలి. అంతకంటే ముఖ్యంగా, అప్పటిదాకా మన మనసులో ఉన్న బొమ్మను అది కొంచెం కదిలించాలి. ఫలానా కట్టడం ఎత్తు ఇన్ని మీటర్లు అని చెబితే అది సమాచారం మాత్రమే, మర్నాటికి గుర్తుండదు. ఇలా అడిగి చూడండి: ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఏ కాలానికి దగ్గర? గీజాలోని మహా పిరమిడ్ కట్టిన కాలానికా, మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టిన కాలానికా? ఎక్కువమంది పిరమిడ్ వైపే మొగ్గుతారు. రెండూ ఈజిప్టువే కదా! లెక్క మాత్రం వేరుగా ఉంది. ఆ పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతంలో కట్టారు. క్లియోపాత్రా క్రీ.పూ. 30లో మరణించింది. చంద్రుడి మీద మనిషి దిగింది 1969లో. అంటే పిరమిడ్‌కు ఆమె దాదాపు 2,500 ఏళ్ళ దూరంలో ఉంటే, చంద్రయాత్రకు దాదాపు 2,000 ఏళ్ళ దూరంలోనే ఉంది. సంవత్సరాలు మరిచిపోయినా, 'ప్రాచీన ఈజిప్టు' అని ఒక్క మాటలో చుట్టేసే కాలం ఎంత పొడవైనదో మనసులో మిగిలిపోతుంది.

ప్రశ్నగా అడగడం వల్ల ఇంకో లాభం ఉంది. తప్పుగానైనా ఒక ఊహ చేసినవాడు జవాబు కోసం ఎదురుచూస్తాడు. ఏ ఊహా చేయనివాడు తల ఊపి ఊరుకుంటాడు.

విన్న విశేషం నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. గట్టిగా చెలామణి అయ్యే విశేషాల్లో అబద్ధాల పాలు తక్కువేమీ కాదు. మనిషి తన మెదడులో పది శాతమే వాడుతాడన్నది వాటిలో ఒకటి. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా మన శక్తిలో 20 శాతం దాకా అదే ఖర్చు చేస్తుంది. తొంభై శాతం ఖాళీగా కూర్చునే అవయవానికి శరీరం ఇంత తిండి పెట్టి పోషిస్తుందా? ఐన్‌స్టీన్ చిన్నప్పుడు లెక్కల్లో తప్పాడన్నది ఇంకొకటి. 1935లో ఆ వార్తను స్వయంగా ఆయనకే చూపించినప్పుడు, పదిహేనేళ్ళు నిండకముందే కలన గణితం నేర్చేసుకున్నానని ఆయన బదులిచ్చాడు.

నేనూ ఒకసారి పొరబడ్డాను. చైనా మహాకుడ్యం చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందని మొదటి ఏడాదిలో రాసేశాను. చదివిన స్నేహితుడు ఒకటే అడిగాడు, 'గోడ వెడల్పు ఎంతండీ?' కూర్చుని లెక్క వేశాను. గోడ వెడల్పు కొన్ని మీటర్లు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం. అంటే సుమారు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న తలవెంట్రుకను మామూలు కంటితో చూడటం లాంటిది. పొడవు వేల కిలోమీటర్లయినా, అంత సన్నని గీత కంటికి ఆనదు. ఆ రోజు నుంచి అంకె ఉన్న ప్రతి విశేషాన్నీ కాగితం మీద ఒకసారి లెక్క కట్టి చూస్తున్నాను. అంకె లేని విశేషమైతే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడింటికీ జవాబు దొరికేదాకా పక్కన పెడతాను.

మాటల అర్థం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. శుక్రగ్రహం మీద ఏడాది కంటే రోజే పెద్దదని అంటారు. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 భూమి రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు పడుతుంది కాబట్టి అది నిజమే. కానీ మామూలు వాడుకలో రోజంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా. శుక్రుడు తన చుట్టూ తాను తిరిగేది, సూర్యుడి చుట్టూ తిరిగే దిశకు వ్యతిరేక దిశలో. అందువల్ల అక్కడ సూర్యోదయానికీ సూర్యోదయానికీ మధ్య పట్టేది సుమారు 117 రోజులే. ఈ రెండో సగం కూడా రాస్తే విశేషం పలచబడుతుందని కొందరు భయపడతారు. నాకైతే అసలు విశేషం అక్కడే ఉందనిపిస్తుంది.

తప్పు దొర్లితే ఏం చేయాలి?

మర్నాటి పుటలో మొట్టమొదటి వాక్యంగా దిద్దుబాటు రాయాలి. కింద మూలన వేయకూడదు.

చిక్కుప్రశ్న ఎలాంటిది ఎంచుకోవాలి?

ఒక్క గుక్కలో చెప్పగలిగేది. వినగానే జవాబు తెలిసిపోయినట్టు అనిపించి, ఒక్క క్షణం ఆగితే జారిపోయేది. ఇది చూడండి: ఒక పెట్టె, దాని మూత కలిపి 110 గ్రాములు. మూత కంటే పెట్టె 100 గ్రాములు ఎక్కువ. మూత బరువెంత? నోటికి వచ్చే మొదటి జవాబు ప్రతిసారీ ఒకటే, ప్రతిసారీ తప్పే. తప్పని చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో కనిపించే ఆ చిన్న ఆగుడు కోసమే నేను ఈ ప్రశ్న ఇస్తాను.

ఇంకొకటి. పది మీటర్ల లోతు బావి అడుగున నత్త ఉంది. పగలు మూడు మీటర్లు పైకి పాకుతుంది, రాత్రి రెండు మీటర్లు కిందికి జారుతుంది. ఎన్నో రోజున గట్టు చేరుతుంది? దీనికి కూడిక, తీసివేత వస్తే చాలు. అయినా పెద్ద చదువులు చదివినవాళ్ళు తడబడటం చూశాను. చదువు లోపం వల్ల కాదు, ఆఖరి రోజున కాస్త ఆగి ఆలోచించకపోవడం వల్ల.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడోది. భూమధ్యరేఖ వెంట భూమికి బిగుతుగా తాడు చుట్టారనుకుందాం. ఆ తాడుకు ఒక మీటరు మాత్రం అదనంగా కలిపి, నేల నుంచి అంతటా ఒకే ఎత్తులో లేపి పట్టుకుంటే ఎంత సందు వస్తుంది? కాగితం దూరుతుందా? చీమ దూరుతుందా? పిల్లి దూరుతుందా? 40,000 కిలోమీటర్ల తాడుకు ఒక్క మీటరు ఏపాటి, అని మనసు వెంటనే తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పును ఒక రాత్రి పక్కన పెట్టి చూడండి.

ఒక్క హెచ్చరిక. మోసం మీద నడిచే ప్రశ్నలు ఇవ్వకండి. అడిగేటప్పుడు ఒక సంగతి దాచిపెట్టి, జవాబులో దాన్ని బయటికి తీసే రకం ఉంటాయి. అవి ఒకసారి నవ్విస్తాయి గాని, మర్నాడు ఎవరూ పెన్సిలు పట్టుకోరు.

జవాబు అదే రోజు ఇవ్వాలా?

వద్దు. ఈ విషయంలో నాది మొండిపట్టు. జవాబు మర్నాడే. ప్రశ్న ఒక రాత్రి మనతో ఉంటే నడుస్తున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు, నిద్ర పట్టే ముందు మనసు దాన్ని తిప్పి తిప్పి చూస్తుంది. అనుకోని వేళ తెరిపి దొరుకుతుంది. పక్కనే జవాబు ఉంటే కన్ను అటే పోతుంది. అది ఎవరి తప్పూ కాదు, కంటి స్వభావం. మరీ కఠినమైన ప్రశ్నకు సాయంత్రం ఒక ఆధారం ఇవ్వవచ్చు. బావి ప్రశ్నకు నేను ఇచ్చే ఆధారం: 'గట్టు ఎక్కిన నత్త మళ్ళీ జారుతుందా?'

ఫోనులో వెతికితే క్షణంలో జవాబు దొరుకుతుంది కదా?

దొరుకుతుంది. వెతికేవాళ్ళను ఆపలేం, ఆపాల్సిన అవసరం కూడా లేదు. నేను చేసేదల్లా ప్రశ్నలోని బొమ్మ మార్చడం, అంకెలు మార్చడం. అప్పుడు దారి దొరికినా చివరి అడుగు వాళ్ళే వేయాలి.

పాత చిక్కుప్రశ్నలు వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. పులి, మేక, గడ్డిమోపును ఒక్కొక్కటిగా ఏరు దాటించే ప్రశ్న మనందరికీ తెలిసిందే. తోడేలు, మేక, క్యాబేజీలతో ఐరోపాలో అదే ప్రశ్న ఎనిమిదో శతాబ్దపు పండితుడు ఆల్క్విన్ పేరిట ఉన్న లెక్కల సంకలనంలో కనిపిస్తుంది. ఏడుసార్లు ఏరు దాటితే పని పూర్తవుతుంది. ఇన్ని వందల ఏళ్ళు నిలిచిందంటే కారణం ఒకటే. ఒకసారి ఆవలి గట్టుకు చేర్చిన మేకను మళ్ళీ వెనక్కి తీసుకురావాలన్న సంగతి ఏ కాలంలోనూ ఎవరికీ మొదట తట్టదు. ముందుకు పోవడానికి వెనక్కి రావాలంటే మనసు ఒప్పుకోదు.

కొన్ని ప్రశ్నలకు మాత్రం వయసు మీద పడుతుంది. మూసిన గదిలో ఒక బల్బు, బయట మూడు స్విచ్‌లు. గదిలోకి ఒక్కసారే వెళ్ళి ఏ స్విచ్ బల్బుదో చెప్పాలి. ఒక స్విచ్ వేసి కొంతసేపయ్యాక ఆపి, రెండోది వేసి లోపలికి వెళ్ళడం దీనికి జవాబు. బల్బు వెలుగుతుంటే రెండోది, ఆరిపోయి వేడిగా ఉంటే మొదటిది, చల్లగా ఉంటే మూడోది. పాత బల్బులతో ఇది ముచ్చటైన ప్రశ్న. ఎల్‌ఈడీ బల్బుల గాజు అంతగా వేడెక్కదు. ఈ కాలపు పిల్లలు 'వేడిగా ఎందుకు ఉంటుంది?' అని అడిగితే వాళ్ళ ప్రశ్నే న్యాయమైనది. ఇవ్వాలనుకుంటే 'పాత ఫిలమెంట్ బల్బు' అని ముందే చెప్పండి.

జవాబు చెప్పినా చదివేవాళ్ళు ఒప్పుకోకపోతే?

సంతోషించండి, పుట పని చేస్తున్నట్టే. ఇందుకు పేరుపడ్డ ప్రశ్న ఒకటి ఉంది. మూడు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద నాణెం పెట్టారు. మీరు ఒకటి ఎంచుకున్నారు. నాణెం ఎక్కడుందో తెలిసిన మనిషి, మిగిలిన రెండిటిలో ఖాళీది ఒకటి ఎత్తి చూపించాడు. ఇప్పుడు మీ ఎంపిక మార్చుకుంటే మేలా, ఉంచుకుంటే మేలా? 1990లో మారిలిన్ వోస్ సావంత్ అనే అమెరికన్ రచయిత్రి, తలుపులతో ఉన్న ఇదే ప్రశ్నకు జవాబిస్తూ మార్చుకోవడమే మేలని పత్రికలో రాసింది. ఆమెకు దాదాపు 10,000 ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది తప్పని వాదించారు. వాళ్ళలో డాక్టరేట్ ఉన్నవాళ్ళే వెయ్యి మంది దాకా ఉన్నారు. ఆమె చెప్పిందే సరైనది.

వాదనకు దిగకుండా నేను చేసే పని, గిన్నెలు తెచ్చి ముప్పైసార్లు ఆడించడం. ప్రతిసారీ మార్చుకుంటే ఇరవై సార్ల చుట్టుపక్కల నాణెం దొరుకుతుంది. మొదటి ఎంపిక సరైనది కావడానికి మూడింట ఒక వంతే అవకాశం. మొదట తప్పినవాళ్ళందరినీ మార్పు గట్టెక్కిస్తుంది. పదేపదే ఖాళీ గిన్నె ఎత్తుతూ ఉంటే, చేతులకు ముందు తెలిసి, తలకు తర్వాత తెలుస్తుంది.

పుట్టినరోజుల ప్రశ్న కూడా ఇలాంటిదే. ఒక గదిలో ఎంతమంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది? జవాబు 23. ఎవరూ నమ్మరు, ఎందుకంటే ప్రతివాళ్ళూ తమ పుట్టినరోజుతో కలిసేవాళ్ళ గురించే ఆలోచిస్తారు. అలా మీ తేదీతోనే కలవాలంటే 253 మంది కావాలి. కానీ 23 మంది మధ్య ఏర్పడే జంటలు ఎన్నో తెలుసా? అవి కూడా సరిగ్గా 253!

తెలుగులో మాటల ఆటలు కుదురుతాయా? అన్నీ ఇంగ్లీషువే కనిపిస్తున్నాయి.

తెలుగులో కుదిరినంత అందంగా కుదిరే భాషలు తక్కువని నా గట్టి అభిప్రాయం. కారణం మన అక్షరం. ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో ఒక్కో గడికి ఒక్కో లెటరు. తెలుగు గడిలో గుణింతం, ఒత్తు, సున్నతో సహా నిండు అక్షరం కూర్చుంటుంది. 'స్త్రీ' మొత్తం ఒకే గడి. అందుకే మన గళ్ళ నుడికట్టు కూర్చడం కష్టం. అడ్డం మాటలో 'కా' ఉంటే నిలువు మాటలోనూ 'కా'యే కావాలి, 'క' పనికిరాదు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ న్యూయార్క్ పత్రికలో మొదటి క్రాస్‌వర్డ్ వేసినప్పుడు ఆయనకు ఈ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఉన్నచోటే రుచి కూడా ఉంది. చిన్నగా మొదలుపెట్టండి, అయిదు గళ్ళు అడ్డం, అయిదు గళ్ళు నిలువు చాలు.

ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటలు వెతకమనండి. 'వికటకవి' అందరికీ వస్తుంది. నటన, నయన, మహిమ, మడమ, జలజ దాకా చాలామంది వెళ్తారు. 'నందనం' దగ్గర తగువు మొదలవుతుంది. సున్నను విడిగా లెక్కపెడితే కుదరదు, అక్షరంతో కలిపితే నం-ద-నం కుదురుతుంది. 'మందారదామం' రాసి చూపిస్తే తగువు మాని ఆ మాటనే చూస్తూ ఉండిపోతారు. ఒక్కసారికి ఒక్క అక్షరమే మారుస్తూ, ప్రతి మెట్టులోనూ అర్థమున్న మాట వచ్చేలా 'మాట' నుంచి 'పూత'కు చేరమనండి. మధ్యలో రెండు మాటలు చాలు.

శ్లేష సంగతి చెప్పనక్కరలేదు. 'నాన్నా, ఆరు తర్వాత ఏమిటి?' 'ఏడు.' పిల్లవాడు బిక్కమొహం వేసి, 'నేను ఏం తప్పు చేశాను నాన్నా?' అన్నాడు. నవ్వు అయిపోయాక దాన్నే చిక్కుప్రశ్నగా మార్చుకోండి: ఎవరినైనా ఒక పని చేయమని చెప్పే మాటలు కూడా అయిన తెలుగు సంఖ్యలు ఇంకేమున్నాయి? ఇలాంటి ప్రశ్న మరో భాషలోకి మారదు. మన దగ్గరే పుట్టి మన దగ్గరే పండుతుంది.

నాకు లెక్కలంటే భయం. చిక్కుప్రశ్నలు నా వల్ల అవుతాయా?

ఒక ఆట ఆడి చూడండి. నాలుగు అంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకుండా. 3524 అనుకుందాం. అంకెల్ని పెద్దది మొదలుకొని రాస్తే 5432, చిన్నది మొదలుకొని రాస్తే 2345. తీసివేస్తే 3087. మళ్ళీ అలాగే, 8730 లోంచి 0378 తీస్తే 8352. మళ్ళీ, 8532 లోంచి 2358 తీస్తే 6174. ఇంకోసారి చేయండి, 7641 లోంచి 1467 పోతే మళ్ళీ 6174! ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపే ఇక్కడికి వచ్చి ఆగుతుంది. దీన్ని 1949లో కనిపెట్టిన డి.ఆర్. కప్రేకర్ మన దేశపు బడిపంతులు. తీసివేత తప్ప ఇందులో ఏ విద్యా లేదు. మొదటిసారి నేను వరుసగా పదకొండు సంఖ్యలతో చేసి చూశాను. పన్నెండోది తప్పిపోతుందేమోనని ఆశ, తప్పకూడదని కోరిక, రెండూ ఒకేసారి కలిగాయి.

జోకు రాయడం రావడం లేదు. ఏం చేయాలి?

కొత్తది పుట్టించాలన్న పట్టుదల వదిలేసి, విన్నదాన్ని శుభ్రంగా చెప్పడం ముందు సాధన చేయండి. ఇది చూడండి.

'డాక్టరు గారూ, నాకు మతిమరుపు వచ్చిందండీ.'
'ఎప్పటి నుంచి?'
'ఏది ఎప్పటి నుంచి?'

అంతే. దీని తర్వాత 'అని రోగి మరిచిపోయి అడిగాడు' అని చేర్చండి, నవ్వు అక్కడే చచ్చిపోతుంది. మొదట్లో 'మతిమరుపున్న రోగి ఒకడు' అని మొదలుపెట్టినా సగం పోతుంది. నవ్వించే మాట చివరి మాటే కావాలి, దాని తర్వాత ఇంకేమీ ఉండకూడదు. క్షురకుడు 'జుట్టు ఎలా కత్తిరించమంటారు?' అని అడిగితే 'మాట్లాడకుండా' అన్న మనిషి జోకు ప్రాచీన గ్రీకుల నాటిది. ఒక్క మాట జవాబు, అందుకే ఇన్ని శతాబ్దాలు బతికింది.

ఎవరి మీద నవ్వుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఒకరి రంగు, ఒళ్ళు, యాస, కులం, లోపం మీద వేసిన జోకును నేను పుటలోకి రానివ్వను. ఆ పుట చదివేవాళ్ళలో ఒక్కరు తల దించుకున్నా మిగతావాళ్ళ నవ్వు నాకు వద్దు. మాట జారడం, లెక్క తప్పడం, యంత్రాలతో తిప్పలు, మతిమరుపు, పిల్లల తర్కం – ఇవి అందరివీ. వీటిలోనే తవ్వినకొద్దీ వస్తుంది.

జోకుకు ఎవరూ నవ్వకపోతే?

వివరించకండి. తర్వాతి అంశానికి వెళ్ళండి.

సొంత ఆలోచన ఎంత సొంతంగా ఉండవచ్చు?

నాలుగింటిలో ఇదే కష్టం. చాలామంది ఇక్కడ నీతులు రాసేస్తారు. జీవితం ఇలాంటిది, కాలం అలాంటిది అని. అలాంటివి ఎవరైనా రాయగలరు కాబట్టి ఎవరికీ గుర్తుండవు. మీ కంటికి మాత్రమే కనిపించిన ఒక వస్తువుతో మొదలుపెట్టండి.

అల్మరా సర్దుతుంటే ఒకరోజు మా నాన్నగారి ఫోను నంబర్ల పుస్తకం దొరికింది. అట్ట చిరిగిపోతే సైకిలు ట్యూబు ముక్కతో కట్టారు. అన్నీ నీలిరంగు సిరా. ఒక స్నేహితుడి పేరు కింద నాలుగు నంబర్లు, మూడింటి మీద గీత. కొట్టేసిన అంకెలు కూడా చదవడానికి వీలుగా, స్కేలు పెట్టి గీసిన ఒంటి గీత. ఆ స్నేహితుడు నాలుగు ఇళ్ళు మారాడని, మారిన ప్రతిసారీ నాన్నగారికి కబురు చేశాడని ఆ పుట వల్లే తెలిసింది. ఇప్పుడు నా ఫోనులో నంబరు మారితే పాతది ఆనవాలు లేకుండా పోతుంది.

ఆ రోజు పుటలో ఇంతే రాశాను. 'ఆ రోజులే వేరు' అని చేర్చాలని చెయ్యి లాగింది, చేర్చలేదు. మర్నాడు ముగ్గురు తమ ఇళ్ళలోని పాత నంబర్ల పుస్తకాల గురించి చెప్పారు. ఒకామె తన పుస్తకంలో ఇప్పుడు లేని మనిషి నంబరు మీద గీత కొట్టలేకపోయానంది. నేను తీర్పు రాసి ఉంటే ఆమె ఆ మాట చెప్పేది కాదేమో.

ఇతరుల సంగతులు రాసేటప్పుడు వాళ్ళను అడిగి రాయండి. అడగలేని పరిస్థితిలో పేరు, గుర్తులు తీసేయండి. అయినా మనసు పీకితే రాయకండి.

ఏ వరుసలో పెట్టాలి?

నేను విశేషంతో మొదలుపెట్టి, నవ్వు, ఆ తర్వాత సొంత మాట, చివర చిక్కుప్రశ్న పెడతాను. చదివేవాళ్ళు పుట మూసేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలని. సొంత మాట బరువైనదైతే ఆ రోజు నవ్వును దాని పక్కన పెట్టను. నాలుగింటినీ ఒకే దారంతో కట్టగలిగితే ఇంకా బాగుంటుంది. శుక్రుడి మీది రోజు, బావిలో నత్త, ఆలస్యంగా వచ్చే మనిషి గురించి ఒక జోకు, ఆగిపోయిన గోడగడియారం గురించి నాలుగు వాక్యాలు కలిస్తే కాలం మీద ఒక పుట అవుతుంది. కానీ రోజూ ఇలా కట్టాలని చూస్తే బలవంతపు ముడులు పడతాయి. నెలలో మూడు నాలుగుసార్లు దానంతట అది కుదిరితే చాలు.

రోజూ రాయడం కుదరకపోతే?

వారానికి రెండు రాయండి. ముందే నాలుగైదు పుటలు సిద్ధంగా ఉంచుకుంటే జ్వరం వచ్చిన రోజు కూడా ఇబ్బంది ఉండదు. నాకు ఒక్కో పుటకు ముప్పావుగంట పడుతుంది. అందులో సగం విశేషాన్ని సరిచూసుకోవడానికే.

సరుకు ఎక్కడ దొరుకుతుంది?

నిఘంటువు, అట్లాసు, పంచాంగం, పాత పత్రికలు, పిల్లల పాఠ్యపుస్తకాలు. నిఘంటువులో ఒక మాట కోసం వెళ్ళి పక్క మాట దగ్గర ఆగిపోయే అలవాటున్నవాళ్ళకు సరుకు కొరత ఉండదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, తట్టగానే రాసుకోండి. ఎక్కడ చదివారో కూడా పక్కనే రాసుకోండి. ఆ ఒక్క గీత నన్ను చాలాసార్లు కాపాడింది.

ఇలాంటివి రోజూ చేస్తే మతిమరుపు రాదంటారు, నిజమేనా?

అలా మాట ఇవ్వలేను. ఒక రకం చిక్కుప్రశ్న సాధన చేస్తే ఆ రకంలో నేర్పు పెరుగుతుంది. అది జీవితంలోని మిగతా పనులన్నిటికీ పాకుతుందనడానికి గట్టి రుజువు లేదని 2014లో దాదాపు 70 మంది శాస్త్రవేత్తలు కలిసి ప్రకటన ఇచ్చారు. మెదడుకు పదును పెడతామని ప్రచారం చేసుకున్న ఒక ఆటల సంస్థ, ఆధారాల్లేని ప్రచారం చేసిందన్న ఫిర్యాదు మీద 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు చెల్లించుకుంది. మందుగా ఇవ్వకండి. ఇష్టంగా ఇవ్వండి. తాతయ్య, మనవరాలు ఒకే కాగితం మీద తలలు వంచి నత్తను బావిలోంచి పైకి తెస్తుంటే, ఆ పది నిమిషాలకు వేరే ప్రయోజనం చూపించాల్సిన పని నాకు కనిపించదు.

పైన అడిగిన చిక్కుప్రశ్నల జవాబులు?

మూత 5 గ్రాములు, పెట్టె 105 గ్రాములు. మూత 10 అనుకుంటే పెట్టె 110 అవుతుంది, రెండూ కలిపి 120 అయిపోతాయి.

నత్త ఎనిమిదో రోజున గట్టెక్కుతుంది. ఏడు రోజులకు ఏడు మీటర్లు. ఎనిమిదో పగలు మిగిలిన మూడూ పాకేస్తుంది, ఇక జారడం లేదు.

మాట, పాట, పాత, పూత.

ఏడు కాక నూరు, వేయి కూడా చేయమని చెప్పే మాటలే. మీకు ఇంకొకటి దొరికితే నాకు రాసి పంపండి, రేపటి పుటలో వేస్తాను.

తాడు కింద సందు సుమారు 16 సెంటీమీటర్లు, పిల్లి సునాయాసంగా దూరుతుంది. చుట్టుకొలతలో ఎంత పెరిగితే, దాన్ని 6.28తో (3.14కు రెట్టింపు) భాగించినంత దూరం అంచు నుంచి పెరుగుతుంది. లోపల ఉన్నది భూమా, బంతా అన్నదానితో పనిలేదు. నమ్మకం కుదరకపోతే ఒక గిన్నె బోర్లించి, దాని అంచుకు సరిపడా దారం కొలిచి, ఇంకో మీటరు కలిపి, గిన్నె చుట్టూ గుండ్రంగా పరచండి. స్కేలు పెట్టి సందు కొలవండి.